ఇంటి వెనక వర్క్‌షాప్: షెడ్డు వేయకముందే చూసుకోవాల్సినవి

ఇంటి వెనక ఖాళీ జాగాలో సొంత వర్క్‌షాప్ పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ ఒకటి, వెల్డింగ్ సెట్, పైన గొలుసు లాగి బరువులు లేపే చైన్ బ్లాక్, కుదిరితే కారును లేపే లిఫ్ట్. కానీ దాదాపు అందరూ రేకులు ఏ రంగువి వేయాలన్న దగ్గరే మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి, వేసిన ఫ్లోరింగ్‌ని రెండుచోట్ల పగలగొట్టించుకున్నాను.

ముందు కాగితం మీద రాసుకోవాల్సింది ఆ షెడ్డులో మీరు ఎప్పటికైనా లేపబోయే అతి బరువైన వస్తువు ఏదని. 350 సీసీ బుల్లెట్ రెండు క్వింటాళ్లకు కాస్త తక్కువ. చిన్న కారు ఎనిమిది, తొమ్మిది క్వింటాళ్లు. ఆరడుగుల లేత్ అయితే మోడల్‌ని బట్టి టన్ను దాకా ఉండొచ్చు, అమ్మేవాళ్ల మాట నమ్మకుండా వేబ్రిడ్జి చీటీ అడగండి. చిన్నాచితకా ఇనుము బరువుకు మేస్త్రీల లెక్కే చాలు: గుండ్రటి కడ్డీ మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 100 మిల్లీమీటర్ల షాఫ్టు మీటరు ముక్క దాదాపు 62 కిలోలు తూగుతుంది. చూస్తే ఒక్కడు ఎత్తేలాగే ఉంటుంది, అదే దాంతో వచ్చిన చిక్కు.

బరువు తెలిశాక అది హుక్కు నుంచి నేల దాకా ఏ దారిలో దిగుతుందో చూడాలి. స్లాబులోని ఫ్యాన్ కొక్కెం ఫ్యాన్ కోసమే. దానికి చైన్ బ్లాక్ తగిలించి బైక్ ఇంజిన్ లేపినవాళ్లను చూశాను. ఏమీ కాలేదని వాళ్లు చెబుతారు, ఆ రోజుకు కాలేదు అంతే. రేకుల షెడ్డు ట్రస్సులూ (రేకుల్ని మోసే ఇనుప చట్రాలు) అంతే. అవి రేకుల బరువునీ గాలినీ తట్టుకునేలా వేసినవి, మధ్యలో ఒకేచోట టన్ను వేలాడదీయడానికి కాదు. లిఫ్టింగ్ బీముకు దాని సొంత స్తంభాలు, సొంత ఫుటింగులు (పునాదులు) ఉండాలి. బీము సైజు తూకం వేసే షాపువాణ్ని కాకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్ని అడగండి. స్తంభాల మధ్య దూరం, లోడు, హాయిస్ట్ (బీముకు వేలాడుతూ బరువు లేపే మిషన్) సొంత బరువు, మూడూ చెప్పండి. కుదుపు కోసం చేత్తో లాగేవాటికి 10 శాతం, కరెంటు క్రేన్లకు 25 శాతం అదనంగా కలపడం మామూలు. బీము రెండు కొసలా, హాయిస్ట్‌ని అటూ ఇటూ నడిపే చక్రాల ట్రాలీ ఆగడానికి స్టాపర్లు వెల్డింగ్ చేయించడం మాత్రం మర్చిపోవద్దు.

ఇక నేల సంగతి. నా డబ్బు పోయింది ఇక్కడే. మన ఇళ్లలో బేస్‌మెంట్‌లో మొరం నింపి, పైన నాలుగంగుళాల కాంక్రీటు బెడ్ వేసి, దాని మీద ఇసుక సిమెంటు పరిచి టైల్స్ అతికిస్తారు. రెండు స్తంభాల కార్ లిఫ్ట్ బోల్టుల కోసం డ్రిల్ దింపితే మొదట టైల్ పొడి తెల్లగా వచ్చింది, తర్వాత బూడిదరంగు పొడి కాస్త వచ్చిందో లేదో ఎర్రమట్టి మొదలైంది. బోల్టు పట్టేది మధ్యలో ఆ కాస్త కాంక్రీటునే. లిఫ్ట్ కొనేముందే దాని మాన్యువల్ తెప్పించుకుని, కాంక్రీటు ఎంత మందం, ఏ గ్రేడు అడిగారో చూసి, ఆ జాగాలో టైల్స్ లేకుండా కడ్డీ కట్టించి పోయించండి. పోశాక 28 రోజులు ఆగండి. నల్లరేగడి నేలైతే ఇంకా జాగ్రత్త. వానకు ఉబ్బి, ఎండకు కుంగే నేల అది. కింద మట్టి మార్చకుండా పోస్తే కొన్నాళ్లకు స్తంభాలు ఒరగొచ్చు.

ఎత్తు లెక్క చిన్నదే. కారు అయిదడుగులు, దాని కింద నిలబడే మనిషి ఆరడుగులు, లిఫ్ట్ చేతుల మందం. పదడుగుల స్లాబు కింద ఇది కుదరదు. పన్నెండు పదమూడు అడుగులు లేకపోతే కార్ లిఫ్ట్ ఆశ వదులుకుని మంచి జాకీ, స్టాండ్లు కొనుక్కోండి. జాకీ లేపడానికే, కింద దూరే ముందు బరువు స్టాండ్ల మీదకు దిగాలి. సిమెంటు ఇటుకలు మాత్రం పెట్టొద్దు, అవి హెచ్చరించకుండానే చిట్లుతాయి. మడతపెట్టే ఇంజిన్ క్రేన్ మీద 2 టన్నులని రాసుంటే అది చెయ్యి పూర్తిగా లోపలికి ఉన్నప్పటి మాట. బయటికి లాగేకొద్దీ అది అర టన్నుకు కూడా పడిపోవచ్చు. చెయ్యి మీద ఒక్కో బెజ్జం దగ్గర రాసిన అంకె చూడాలి.

చైన్ బ్లాక్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, మీ ఊళ్లో కొన్నా టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, హుక్కుకి తాడు జారిపోకుండా ఆపే నాలుక ఉందో లేదో చూడండి. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: గట్టిగా తిరుగుతోందని బ్లాక్ లోపల ఆయిల్ పోస్తారు. లోడు జారకుండా పట్టుకునే బ్రేకు ఆ లోపలే, పొడిగా ఉండే డిస్కుల రాపిడి మీద పనిచేస్తుంది. ఆయిల్‌ని బరువు మోసే చైనుకు పలచగా రాస్తే చాలు.

బరువును హుక్కుకు తగిలించే తాళ్లూ బెల్టుల విషయంలో కోణం మోసం చేస్తుంది. తాడు మధ్యలో నీళ్ల బిందె కట్టి ఇద్దరు చెరో కొస పట్టుకుని చూడండి. దగ్గరగా నిలబడితే తేలిక, దూరం జరిగేకొద్దీ చేతులు పీకుతాయి. టన్ను బరువుకు రెండు బెల్టులు నిటారుగా ఉంటే ఒక్కోదాని మీద 500 కిలోలు. అవే నేలకు 60 డిగ్రీల వాలులో ఉంటే 577 కిలోలు, 30 డిగ్రీలకు పరుచుకుంటే ఒక్కోదాని మీదా పూర్తిగా టన్ను.

కరెంటు హాయిస్ట్ పెట్టుకునేవాళ్లకు మాత్రం ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఒక ఈదురుగాలి వాన తర్వాత మా వీధిలో త్రీఫేజ్ లైను బాగుచేసి వెళ్లారు. మర్నాడు పైకి బటన్ నొక్కితే హుక్కు కిందికి దిగింది. ఫేజుల వరస తారుమారై మోటారు వెనక్కి తిరుగుతోంది. బటన్ డబ్బాలో వైర్లు మార్చేస్తే సరిపోతుందనుకుని స్క్రూడ్రైవర్ కూడా తీశాను. అలా చేస్తే ప్రమాదం అలాగే ఉండిపోతుంది. హుక్కు మరీ పైకి పోతే ఆపే లిమిట్ స్విచ్ కట్ చేసేది పైకి వెళ్లే కాంటాక్టర్‌ని (మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్), హుక్కేమో కిందికి వెళ్లే కాంటాక్టర్ మీద పైకి పోతుంది. పైన డ్రమ్ముకు కొట్టుకునేదాకా ఆగదు. సరిచేయాల్సింది మెయిన్ దగ్గర, అదీ ఎలక్ట్రీషియన్‌తో. ఫేజుల వరస తప్పితే మోటారును నడవనివ్వని ఫేజ్ సీక్వెన్స్ రిలే ఒకటి పెట్టించుకుంటే ఆ టెన్షన్ ఉండదు. చేతి మిషన్లకు, షాక్ తగిలితే కరెంటు కట్ చేసే 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఎలాగూ ఉండాల్సిందే.

లేత్ వచ్చే రోజు అసలైన పరీక్ష. జేసీబీ బకెట్ పళ్లకు తాడు కట్టి దించుదామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వద్దు. లేత్ బరువంతా గేర్లుండే హెడ్‌స్టాక్ వైపే ఉంటుంది, మధ్యలో కడితే ఆ వైపు తలవాలుస్తుంది. పనిముట్టు పట్టే క్యారేజీని రెండో కొసనుండే టెయిల్‌స్టాక్ వైపు జరిపి బిగిస్తే తూకం కొంత కుదురుతుంది. బెల్టు లీడ్ స్క్రూకి (ముందు వైపున్న పొడవాటి మరల కడ్డీ) తగలకూడదు, అది వంగితే మిషన్ కొన్నందుకు ఫలితం లేదు. చెప్పేది ఒక్కరే ఉండాలి, పిల్లలు ఇంట్లోనే ఉండాలి, కాళ్లకు బూట్లుండాలి.

2025లో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 ప్రకారం లిఫ్టింగ్ సామాన్లను ఏడాదికోసారి అర్హత ఉన్నవాళ్లతో పూర్తిగా పరీక్ష చేయించాల్సి ఉండేది. ఇంటి షెడ్డుకు ఆ చట్టం వర్తించేది కాదు, కానీ దసరాకి ఆయుధ పూజ చేసే ముందు ఆ పని పెట్టుకుంటే గుర్తుంటుంది. బొట్టు పెట్టేముందు హుక్కు నోరు సాగిందా, చైను లింకులు అరిగాయా, బెల్టు కుట్లు ఊడాయా చూడండి. తర్వాత మీరు మామూలుగా లేపే బరువును జానెడు ఎత్తుకు లేపి, చైను మీద సుద్దతో గీత పెట్టి, టీ తాగి రండి. గీత జరిగి ఉంటే బరువు దించేసి బ్లాకును రిపేరుకి పంపండి.