ఇంటి మీద బెంగ: ఏ వేళకు వస్తోందో ముందు చూసుకోండి

ఢిల్లీకి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు మొదటి నెలలో అనే మాట ఒకటే: "ఇక్కడ ఉండలేకపోతున్నా." ఇక్కడ ఎమ్మే చదివిన రోజుల్లో నేనూ అదే అన్నాను. అలవాటైపోతుందిలే అని అందరూ చెప్పారు. అలవాటైంది కూడా. కానీ అప్పటిదాకా ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు. బెంగ రోజంతా ఒకేలా ఉండదు, దానికో వేళ ఉంటుంది. ఏ పూట, ఏం చేస్తుండగా వచ్చిందో ఒక వారం పాటు నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

సమస్య: సాయంత్రం ఆరయ్యేసరికి ఏడుపొస్తోంది

కారణం: పగలు క్లాసుల హడావిడిలో ఏమీ తెలియదు. సాయంత్రం ఆరంటే ఇంట్లో కుక్కర్ కూతలు, టీవీలో సీరియల్, గుమ్మంలో నిలబడి పక్కింటావిడ కబుర్లు. అక్కడున్నప్పుడు వాటిని విసుక్కున్నాం కూడా. హాస్టల్లో అదే వేళకు మెస్ తెరవడానికి ఇంకా చాలా టైం ఉంటుంది. ఎవరి మంచం మీద వాళ్లు ఫోన్ చూసుకుంటూ పడి ఉంటారు.

పరిష్కారం: ఆ రెండు గంటలూ గదిలో ఉండకండి. ఒంటరిగా వాకింగ్ అనుకుంటే మూడో రోజుకు మానేస్తారు. షటిల్‌కైతే అవతలివాడికి మీరు కావాలి కాబట్టి వాడే వచ్చి తలుపు కొడతాడు. నా విషయంలో ఆ పని చేసింది మా రూమ్మేట్. బిహార్ మనిషి. మొదట్లో మా మధ్య పెద్ద మాటల్లేవు. దీపావళి వెళ్లిన ఆరో రోజున వాళ్లకు ఛఠ్ పండుగ. ఇంటికి వెళ్లలేకపోయాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాతి వారం వాళ్ల ఊరి నుంచి వచ్చినవాళ్లెవరో స్టీలు డబ్బా ఇచ్చి వెళ్లారు. నిండా ఠేకువాలు. గోధుమపిండి, బెల్లంతో చేసి నేతిలో వేయించే గట్టి బిళ్లలవి. నేను నా సున్నుండల డబ్బా తీశాను. ఆ రాత్రి మా ఇద్దరికీ భాష సరిగ్గా కలవలేదు గానీ రెండు డబ్బాలూ సగానికి వచ్చాయి. సాయంత్రం టీకి కలిసి వెళ్లడం అక్కడి నుంచే మొదలైంది.

సమస్య: ఎంత తిన్నా కడుపు నిండినట్టు లేదు

కారణం: మెస్ వంట బాగాలేదనుకుంటాం. నిజానికి రాజ్మా, చపాతీ బాగానే ఉంటాయి. చివర్లో పెరుగన్నం లేదు, అదీ సంగతి. పుట్టినప్పటి నుంచి భోజనం పెరుగుతో ముగిసిన మనిషికి అది లేకపోతే భోజనం మధ్యలో లేచిపోయినట్టే ఉంటుంది.

పరిష్కారం: రోజూ చివరి నాలుగు ముద్దలు పెరుగుతో తినండి. మెస్‌లో పెరుగు లేని రోజు బయట చిన్న కప్పు కొనుక్కోండి (తియ్యటిది కాదని చూసుకుని మరీ). కందిపొడి, చిన్న నెయ్యి సీసా గదిలో పెట్టుకోండి. కూరగాయల మీద బెంగైతే ఐఎన్ఏ మార్కెట్‌కు వెళ్లండి, కరివేపాకు, మునక్కాడలు అక్కడ దొరుకుతాయి. ఇక అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్. టోకెన్ తీసుకుని, క్యూలో నిలబడి, పప్పులో పొడి, నెయ్యి కలుపుకున్న మొదటి ముద్దకు కళ్లల్లో నీళ్లు తిరిగినవాళ్లను చూశాను. కానీ ప్రతి ఆదివారం వెళ్లొద్దని నా సలహా. సోమవారం మెస్ భోజనం మరీ చేదుగా అనిపిస్తుంది. నెలకోసారి చాలు.

సమస్య: ఇంటికి ఫోన్ చేశాక ఇంకా ఎక్కువవుతోంది

కారణం: "తిన్నావా?" "ఆ, తిన్నా." "బాగున్నావా?" "ఆ." తర్వాత ఇద్దరూ చెప్పాల్సింది దాచుకుని కాసేపు ఊరికే ఉంటారు. అవతల అమ్మకూ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టదు. పైగా మనం ఫోన్ చేసేది పడుకోబోయే ముందు.

పరిష్కారం: ఫోన్ రాత్రి భోజనానికి ముందుకు మార్చండి, తర్వాత నలుగురితో కలిసి తినడానికి వెళ్తారు. ఏదో ఒకటి మాట్లాడాలనే టెన్షన్ పెట్టుకోకండి. మా అమ్మ ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉండేది, నేను బట్టలు మడతపెట్టుకుంటూ ఉండేవాణ్ని. మధ్యలో ఎప్పుడో "మీ పిన్ని వచ్చెళ్లిందిరా" అనేది. ఆ ఇరవై నిమిషాల్లో పది మాటలు కూడా ఉండేవి కావు. ఇంకో మాట: బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి. "ఈ చపాతీలు తినలేకపోతున్నానమ్మా" అంటే అమ్మకూ చేయడానికి ఒక పని దొరుకుతుంది, పొడులు కొట్టి పార్శిల్ చేస్తుంది.

సమస్య: నలుగురిలో మూగవాడిలా ఉంటున్నా, ఊరెళ్లిపోవాలనిపిస్తోంది

ఇది బెంగలా కనిపించే హిందీ సమస్య. తెలుగులో జోకులేసేవాడు ఇక్కడ ఆలోచించి వాక్యం కూర్చుకునేలోపు సంభాషణ దాటిపోతుంది. నేను "బస్ ఆయా" అన్నానని నవ్వారు, "ఆయీ" అనాలట. బస్సు ఆడదని మనకెలా తెలుస్తుంది! తప్పులతోనే మాట్లాడండి, ముందు ఆటోవాళ్లతో, కూరగాయల బండి దగ్గర. తెలుగువాళ్ల గ్రూపు ఉండాల్సిందే, కానీ మూడు పూటలా అక్కడే ఉంటే రెండో ఏడాదికీ హిందీ రాదు.

సమస్య: సంక్రాంతికి అందరూ ఇంట్లో, నేను ఇక్కడ

ఇక్కడ సంక్రాంతికి మనలా వరుస సెలవులుండవు. బయట పొగమంచు, ఫోన్‌లో ముగ్గుల ఫొటోలు. వెళ్లగలిగితే టికెట్ సంగతి ముందే చూడాలి. రైలు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. అంటే జనవరి 11 రైలుకు నవంబరు 12 ఉదయం 8 గంటలకే సిద్ధంగా ఉండాలి. తిరుగు ప్రయాణంలో పొగమంచుకు రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి, క్లాసుకు ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. వెళ్లలేకపోతే ఆ రోజు ఫోన్ ఒకసారి చేసి, స్టేటస్‌లు చూడటం మానేయండి.

బెంగ కానివి

రెండు వారాలుగా నిద్ర, తిండి, క్లాసు అన్నీ పోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పైవేవీ పనికిరావు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. గదిలో ఒంటరిగా ఉండకుండా పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. హాస్టల్లో ఎవరైనా వేధిస్తున్నందుకు ఇల్లు గుర్తొస్తుంటే అది ర్యాగింగ్. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522.

సమస్య: సెలవులకు వెళ్లొచ్చాక మళ్లీ మొదటికొచ్చింది

అందరికీ వస్తుంది, మూడు నాలుగు రోజులు ఉంటుంది. పెట్టె విప్పకుండా మంచం కింద తోసేస్తే వారం పడుతుంది. వచ్చిన రాత్రే విప్పేయండి. అన్నిటికన్నా ముందు ఆవకాయ సీసా తీసి చూడండి, రైల్లో నూనె కారి ఉంటే బట్టలన్నీ పోతాయి.