కరెంటు చికిత్సలో చర్మం: 3వ పాఠం – మెడ, గడ్డం

కిందటి పాఠంలో స్నానం అయింది. ఈసారి నోటికి, గొంతుకు చికిత్స జరిగేవాళ్ల గడ్డం సంగతి.

క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ చికిత్సను మనవాళ్లు కరెంటు పెట్టించుకోవడం అంటారు గానీ అది విద్యుత్తు కాదు, ఎక్స్‌రే జాతి కిరణాలు. చర్మం పైపొర అడుగున కొత్త కణాలు పుట్టే వరుసను అవి రోజూ దెబ్బతీస్తాయి. అందుకే 2, 3 వారాలకు మెడ కమిలి, ఎండి, దురద పెడుతుంది. మామూలప్పుడు రెండు రోజుల్లో మానే బ్లేడు గీత ఇప్పుడు పుండవుతుంది, పూడ్చే కణాలు చాలవు కాబట్టి.

గడ్డం నున్నగా గీయాల్సింది ఒక్కసారే, చికిత్సప్పుడు తల కదలకుండా ముఖానికి, మెడకు బిగించే మాస్క్ అచ్చు తీసే ముందురోజు. వెంట్రుకల మీద అచ్చు తీస్తే అవి రాలాక మాస్క్ వదులై, కిరణాల గురి తప్పుతుంది.

చికిత్స మొదలయ్యాక బ్లేడు, సెలూన్ కత్తి రెండూ మానేయాలి. తప్పదనుకుంటే బ్యాటరీ ట్రిమ్మర్. పొడి చర్మం మీద, పళ్లకు గార్డు తగిలించి, నొక్కకుండా వెంట్రుక వాలునే నడపండి. ఒకచోట ఒక్కసారే. కాస్త మిగిలినా ఫర్వాలేదు. పటిక చర్మాన్ని ఎండగొడుతుంది, స్పిరిటు లోషన్ మండిస్తుంది, సున్నిపిండి ఒరుస్తుంది. ఏదీ వద్దు. మూడో వారం దాటాక కిరణాలు పడే మేర గడ్డం చాలావరకు దానంతటదే రాలిపోతుంది.

డాక్టరు చెప్పిన, వాసన లేని క్రీము రోజుకు 2, 3 సార్లు. ట్యూబు నుంచి చూపుడువేలి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము, వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. రుద్దకుండా అద్దండి. సిట్టింగ్‌కు ముందు మందంగా పూస్తే మాత్రం చర్మం మీద కిరణాల మోతాదు పెరుగుతుంది.

శ్రీకాకుళం నుంచి విశాఖకు రోజూ బస్సులో పోయివచ్చేవాళ్లు ఎండ పడే కిటికీ పక్కన కూర్చోకండి. ఉతికి ఉతికి మెత్తబడ్డ పొందూరు ఖద్దరు కండువా మెడకు వదులుగా కప్పుకోండి. గంజి పెట్టింది వద్దు. బిరుసు అంచు చెమట తడికి కాలర్ పడేచోటే ఒరుసుకుని, తోలు అక్కడే ముందు లేస్తుంది.

తోలు లేచి రసి కారితే ట్రిమ్మర్, క్రీము ఆపి ఆ రోజే రేడియేషన్ డాక్టరుకు చూపించండి. దూది పుండుకు అంటుకుపోతుంది, ప్లాస్టరు పీకితే చర్మం ఊడొస్తుంది. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే రాత్రయినా ఆగొద్దు.

ఆఖరి సిట్టింగ్ తర్వాత కూడా వారం, పది రోజులు ఎరుపు పెరుగుతుంది. చికిత్స అయిపోయిందని అప్పుడే బ్లేడు పట్టకండి. పూర్తిగా మాని, డాక్టరు సరేననేదాకా ఆగండి.

వచ్చే పాఠం: నోటిపూత, పుక్కిలింత.