కుక్కకి బిస్కోటీ, పన్నకోటా, టిరమిసు: ఇంట్లో చేసే పద్ధతి

ఇటాలియన్ స్వీట్లని కుక్క కోసం చేయడమంటే అసలు రెసిపీలోంచి పడనివాటిని తీసేసి మిగిలింది పెట్టడం కాదు, అలా తీసుకుంటూ పోతే, కాఫీలో ముంచిన బిస్కెట్లూ చీజూ పొరలుగా పేర్చి పైన కోకో జల్లే టిరమిసులో గిన్నె తప్ప ఇంకేం మిగలదు. కాఫీ పడదు, కోకో పడదు, మద్యం పడదు, పంచదార అక్కర్లేదు, మస్కార్పోనె చీజ్‌లో ఉన్నంత కొవ్వు అసలే వద్దు. కాబట్టి రుచిని వదిలేసి చేసే పద్ధతిని తీసుకోండి. బిస్కోటీలో లాగా ముద్దని రెండుసార్లు కాల్చి బాగా ఆరనివ్వడం, పన్నకోటాలో లాగా పాలనో రసాన్నో జెలటిన్‌తో గడ్డకట్టించడం, టిరమిసులో లాగా మెత్తటిదీ గట్టిదీ పొరలుగా పేర్చడం, ఇవన్నీ కుక్క తిండికి కూడా చక్కగా కుదురుతాయి. వీటిలో బిస్కోటీకే నా ఓటు. పన్నకోటా ఎండాకాలంలో భలే పనికొస్తుంది. టిరమిసు మాత్రం, ఉన్నమాట చెప్పుకుంటే, సగం మన సరదా కోసమే, పుట్టినరోజుకి ఫొటో బాగా వస్తుంది.

మొదలుపెట్టే ముందు పక్కన పెట్టాల్సినవి

చాక్లెట్ సంగతి చాలామందికి తెలుసు. అందులోని థియోబ్రోమిన్ మన ఒంట్లోంచి పోయినంత త్వరగా కుక్క ఒంట్లోంచి పోదు, గుండె దడ, వణుకు, ఫిట్స్ దాకా వెళ్తుంది. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత ప్రమాదం, అన్నిటికంటే ఘాటు కోకో పొడి, టిరమిసు మీద జల్లేది అదే. కిస్మిస్ గురించి మాత్రం చాలామందికి తెలీదు. ద్రాక్ష, కిస్మిస్ కుక్క కిడ్నీలని దెబ్బతీస్తాయి, ఎన్ని తింటే ప్రమాదం, ఎన్ని తింటే పర్లేదు అనే లెక్క లేదు, కొన్ని కుక్కలకి కొంచెమే చాలు. అందుకే కిస్మిస్ దట్టించిన పన్నెట్టోనె కేక్ జోలికి ఏ రూపంలోనూ వెళ్లకండి.

ఇక జైలిటాల్. పంచదారకి బదులు వాడే ఈ తీపి పదార్థం షుగర్‌ఫ్రీ అని రాసిన పీనట్ బటర్లలో, బిస్కెట్లలో దొరుకుతుంది, కొన్ని డబ్బాల మీద బర్చ్ షుగర్ అనే పేరుతో కూడా ఉంటుంది. మనకి ఏమీ కాదు, కుక్కకి మాత్రం ఒక్కసారిగా ఇన్సులిన్ ఎగజిమ్మి, చాలాసార్లు అరగంట నుంచి గంటలోపే రక్తంలో చక్కెర పడిపోతుంది, మోతాదు ఎక్కువైతే లివర్ కూడా పాడవుతుంది. కింద చెప్పే వంటకాల్లో పీనట్ బటర్ ఉంది కాబట్టి డబ్బా తిప్పి వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదవాల్సిందే, వేరుశనగలు తప్ప ఇంకేమీ లేనిది దొరికితే మంచిది.

ఇవి కాక వెనిల్లా ఎసెన్స్ వద్దు, చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది. జాజికాయ వద్దు. మకడామియా గింజలు విషం. బాదం విషం కాదు గానీ సరిగా అరగదు, గొంతులో అడ్డం పడే భయం కూడా ఉంది, కాబట్టి బిస్కోటీలో బాదం ఉండాలి కదా అని మొహమాటపడకండి, వేయకండి. ఈస్ట్ వేసిన పచ్చి పిండి ముద్ద కుక్కకి అందే చోట ఉంచకూడదు, కడుపులోకి వెళ్లాక కూడా అది పొంగుతూ ఆల్కహాల్ తయారుచేస్తుంది.

బిస్కోటీ

ఇటలీలో ప్రాతో ఊరి బిస్కోటీకి పేరు. అక్కడి పాత పద్ధతిలో వెన్న, నూనె ఉండవు, పిండి, గుడ్లు, పంచదార, బాదం అంతే. అంటే కొవ్వు లేకుండా నిలబడే బిస్కెట్ అన్నమాట, మనకి కావాల్సింది అదే.

గోధుమపిండి 2 కప్పులు, పొడి చేసిన ఓట్స్ అర కప్పు, ఉడికించి మెత్తగా మెదిపిన గుమ్మడికాయ అర కప్పు, గుడ్డు 1, పీనట్ బటర్ 2 పెద్ద చెంచాలు. ఉప్పు, పంచదార, బేకింగ్ పౌడర్ ఏవీ వేయకండి. కుక్కకి తీపి రుచి తెలుస్తుంది, గుమ్మడికాయలో ఉన్న ఆ కాస్త తీపి దానికి చాలు. డబ్బాలో వచ్చే గుమ్మడి గుజ్జు వాడితే పై (pie) అనే స్వీటు కోసం మసాలా కలిపి అమ్మేది కాకుండా ఉత్త గుజ్జే తీసుకోండి, మసాలా దాంట్లో జాజికాయ ఉంటుంది.

ముందు తడివన్నీ కలిపి, తర్వాత పిండి వేసి కలపండి. నీళ్లు మొదట్లోనే పోయకండి, గుమ్మడికాయలో ఎంత నీరుందో కలిపాక గానీ తెలీదు. చేతికి అంటుకోకుండా, నొక్కితే పగుళ్లు రాకుండా ఉండాలి. పగుళ్లొస్తే ఒక్కో చెంచా చొప్పున నీళ్లు చల్లుకోండి. ముద్దని రెండు భాగాలు చేసి ఒక్కోదాన్నీ 20 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చపటా దిమ్మలా ఒత్తి, బేకింగ్ పేపర్ మీద పెట్టి 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నుంచి 30 నిమిషాలు కాల్చండి. పైన గట్టిపడి, వేలితో నొక్కితే లోపల ఇంకా కొంచెం మెత్తగా తగలాలి.

బయటికి తీశాక ఓ పావుగంట ఆగండి. ఈ ఆగడం దగ్గరే చాలామంది తొందరపడతారు. వేడి మీద కోస్తే ముక్క అంచులు పొడిపొడిగా రాలిపోతాయి, పూర్తిగా చల్లారేదాకా ఉంచితే పైపొర గట్టిపడి కత్తి కింద విరుగుతుంది. చేత్తో పట్టుకోగలిగేంత గోరువెచ్చగా ఉన్నప్పుడు బ్రెడ్ కోసే పళ్ల కత్తితో, పైనుంచి బలంగా నొక్కకుండా రంపంలా ముందుకీ వెనక్కీ లాగుతూ సెంటీమీటరు మందాన కోయండి. ఒక్కో దిమ్మకి 20 ముక్కలొస్తాయి. ముక్కల్ని పడుకోబెట్టి 150 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, తిరగేసి ఇంకో 15 నిమిషాలు పెట్టి, ఓవెన్ ఆపేసి తలుపు కొంచెం తెరిచి అందులోనే చల్లారనివ్వండి. ఈ రెండో విడతలో మనం చేస్తున్నది కాల్చడం కంటే ఆరబెట్టడమే, తేమ ఎంత పోతే అంత ఎక్కువ రోజులు నిలుస్తాయి.

గట్టిదనం మీద ఒక మాట. రెండు వేళ్లతో పట్టుకుని విరిస్తే టప్పుమని విరగాలి, విరగ్గొట్టడానికి సుత్తి వెతుక్కోవాల్సి వస్తే అది పంటికి మంచిది కాదు. ముసలి కుక్క అయినా, పళ్లు అరిగిపోయినా రెండో విడత మానేయండి, మెత్తటి ముక్కల్ని ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో పెట్టేయండి. మింగేసే అలవాటున్న చిన్న కుక్క అయితే కాల్చక ముందే దిమ్మని సన్నగా చేసుకోండి, ముక్క కూడా చిన్నదవుతుంది.

రోజుకి ఎన్ని

ట్రీట్ల రూపంలో వెళ్లేది రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదన్నది వెట్‌లు (పశువైద్యులు) మామూలుగా చెప్పే లెక్క. పైన చెప్పిన కొలతలకి మొత్తం 1300 కేలరీల దాకా వస్తాయి, 40 ముక్కలు చేస్తే ఒక్కోదాంట్లో 30 పైచిలుకు. 10 కిలోల బరువున్న, మామూలుగా తిరిగే కుక్కకి రోజుకి సుమారు 600 కేలరీలు కావాలి, అంటే ట్రీట్ల వాటా 60. లెక్క తేలిపోయింది కదా, రెండు ముక్కలు, అంతే. 5 కిలోల కుక్కకి ఒక్కటే. ఆ పెద్ద కళ్లేసుకుని చూస్తుంటే ఇంకోటి ఇవ్వకుండా ఉండటం కష్టమే, అందుకే ఒక ముక్కని నాలుగు చేసి నాలుగుసార్లు ఇవ్వండి. ముక్క సైజు కంటే ఎన్నిసార్లు ఇచ్చామన్నదే దానికి ఎక్కువ.

పన్నకోటా

అసలుదాంట్లో మీగడే ప్రధానం, ఇక్కడ ఆ మీగడే పనికిరాదు. ఒక్కసారిగా అంత కొవ్వు పడితే కొన్ని కుక్కలకి పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వస్తుంది, పైగా ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు. అందుకని లాక్టోజ్ లేని పాలు గానీ ఎముకల రసం గానీ వాడండి. నాకైతే రసంతో చేసిందే నయమనిపిస్తుంది, చూడ్డానికి పన్నకోటాలా తెల్లగా ఉండదు గానీ వాసన కుక్కకి నచ్చే వాసన. రసం ఇంట్లో కాచిందే కావాలి, కొన్న క్యూబుల్లో ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి రెండూ కుక్క రక్తంలోని ఎర్ర కణాల్ని పగలగొడతాయి, పొడి రూపంలో ఉన్నా సరే. కాచిన రసం ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు తెట్టు కడుతుంది, దాన్ని తీసి పారేయండి. ఉడికిన ఎముకలు కూడా చెత్తబుట్టలోకే, అవి ముక్కలై లోపల గుచ్చుకుంటాయి.

ఒక కప్పు రసానికి రుచీ రంగూ కలపని జెలటిన్ ఒక పెద్ద చెంచా. పావు కప్పు చల్లటి రసం మీద జెలటిన్ ఉండకట్టకుండా జల్లి 5 నిమిషాలు వదిలేస్తే అది నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. మిగతా ముప్పావు కప్పు వేడి చేసి, మరగక ముందే దించేసి అందులో కలపండి. బాగా మరిగిస్తే జెలటిన్ పట్టు తగ్గుతుంది, వేడి చాలకపోతే అడుగున గింజల్లా మిగిలిపోతుంది. గరిటె వెనకవైపు వేలితో రాసి చూడండి, నున్నగా జారితే కరిగినట్టు. అచ్చుల్లో పోసి ఫ్రిజ్‌లో 3 గంటలు.

లోపల బ్లూబెర్రీలో, గింజలు తీసిన యాపిల్ ముక్కలో వేసుకోవచ్చు. పచ్చి పైనాపిల్, బొప్పాయి, కివీ వేస్తే మాత్రం రాత్రంతా ఉంచినా గడ్డకట్టదు, వాటిలోని ఎంజైములు జెలటిన్‌ని విరగ్గొట్టేస్తాయి. జెలటిన్ జంతువుల నుంచి తీసేది, ఇంట్లో అది వాడనివాళ్లు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్‌తో చేసుకోవచ్చు, అది పూర్తిగా వేరే లెక్క, దాన్ని మరిగించి తీరాలి.

టిరమిసు, ఇంకా మిగతావి

మెత్తటి బిస్కెట్‌కి బదులు ఒక్కసారే కాల్చిన బిస్కోటీ ముక్కలు, కాఫీకి బదులు ఆ ఎముకల రసమే. మస్కార్పోనెకి బదులు కొవ్వు తక్కువ రికోటా (పనీర్ లాంటి మెత్తటి చీజ్), అందులో ఒక చెంచా తీపి కలపని చిక్కటి పెరుగు. పైన కోకోకి బదులు కారబ్ పొడి (కారబ్ చెట్టు కాయల పొడి), రంగు అచ్చం కోకో లాగే ఉంటుంది, థియోబ్రోమిన్ ఉండదు. ముక్కల్ని రసంలో ముంచి వెంటనే తీయండి, నానబెడితే జావైపోతాయి. చిన్న గిన్నెలో ఒక పొర ముక్కలు, ఒక పొర రికోటా, మళ్లీ అదే, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి పైన కారబ్ జల్లడమే. స్ట్రాబెర్రీ పెట్టి ఎర్రగా అలంకరిద్దామనుకుంటే మీ ఇష్టం, కుక్క కంటికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలీదు, ఆ ఎరుపు మీ ఫొటోకే.

కారబ్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి కోకో డబ్బాకి దూరంగా పెట్టండి. ఇంట్లో పిల్లలకి కూడా చెప్పాలి, నల్లపొడి జల్లిన స్వీటు కుక్క హాయిగా తినడం చూసినవాళ్లు రేపు తమ ప్లేటులోది కూడా ప్రేమగా పెట్టేస్తారు. ఎప్పుడైనా అసలు టిరమిసు తినేసిందని తెలిస్తే లక్షణాలు కనపడేదాకా చూద్దాంలే అనుకోకుండా వెంటనే వెట్‌కి ఫోన్ చేసి, కుక్క బరువు, ఎంత తింది, ఎప్పుడు తింది చెప్పండి. ఉప్పునీళ్లు పట్టి కక్కించే ప్రయత్నం చేయకండి, ఆ ఉప్పే ఇంకో విషం అవుతుంది.

గొట్టంలా చేసిన పిండి పొరలో రికోటా నింపే కన్నోలి గురించి పెద్దగా చెప్పను. ఆ గొట్టం నూనెలో వేయించాలి, ఓవెన్‌లో చేస్తే విరిగిపోతుంది, ఇంత చేసినా కుక్క రెండు సెకన్లలో మింగేస్తుంది. లోపలి రికోటా మాత్రం పనికొస్తుంది, లోపల ఖాళీ ఉన్న రబ్బరు బొమ్మలో కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే చాలాసేపు నాకుతూ కూర్చుంటుంది. జెలాటో (ఇటాలియన్ ఐస్‌క్రీమ్) అయితే పండిన అరటిపండు, పెరుగు కలిపి గడ్డకట్టించడమే, అరటిపండులో చక్కెర ఎక్కువ కాబట్టి రెండు చెంచాలు చాలు.

ఏది చేసినా మొదటిరోజు గోరంత ముక్క పెట్టి మర్నాటి దాకా విరేచనం, దురద గమనించండి. షుగర్, కిడ్నీ జబ్బు, ఇంతకుముందు పాంక్రియాటైటిస్ వచ్చిన కుక్కలైతే చేయడానికి ముందే వెట్‌ని అడగాలి.

బాగా ఆరిన బిస్కోటీ గాలి చొరని సీసాలో వారం, పది రోజులు ఉంటాయి, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఫ్రిజ్‌లోనే పెట్టండి, ఫ్రీజర్‌లో అయితే 3 నెలలు. వేడిగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి రెండు రోజుల్లో బూజొస్తుంది, ఒక్క ముక్క మీద బూజు కనపడినా సీసా మొత్తం పారేయాల్సిందే. పన్నకోటా 4 రోజులు, టిరమిసు 2 రోజులు, రెండూ ఫ్రిజ్‌లోనే.