లక్క భరిణెను స్పిరిట్‌తో తుడవకండి
లక్క పూత వేసిన ఏటికొప్పాక కొయ్య భరిణెలో దిద్దులు, ముక్కుపుడకలు దాచుకుంటున్నారా? దాన్ని స్పిరిట్‌తో గానీ శానిటైజర్‌తో గానీ ఎప్పుడూ తుడవకండి. వాటిలో ఉండే ఆల్కహాల్‌లో లక్క కరిగిపోతుంది. సెంటు చుక్క పడినా మచ్చ తేలవచ్చు. అంత చక్కటి చేతిపని ఒక్క తుడుపుతో పాడైతే ప్రాణం ఉసూరుమంటుంది.

అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీని అదిమితే, రాపిడి వేడికి కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. వేడితో అంటిన పూత వేడికే మెత్తబడుతుంది కాబట్టి కిటికీ ఎండలో, పొయ్యి పక్కన పెట్టవద్దు.

దుమ్ముకు పొడి నూలుగుడ్డ చాలు. నీళ్లలో నానబెడితే లోపలి కర్ర ఉబ్బి మూత బిగుసుకుపోతుంది.