దుబాయ్‌లో పని వెతికేవాళ్లకు: ప్రకటన నమ్మే ముందు, ఇంటర్వ్యూకి పోయే ముందు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు నుంచి వచ్చిన మనవాళ్లకు పని కబురు ఎక్కువగా వాట్సాప్‌లోనే అందుతుంది. పంపింది బావనో కాకనో కాబట్టి పని కూడా నిజమే అనుకుంటాం. ఆయనకూ అది ఎవరో పంపిందే. ఎవరు పంపారన్నది పక్కన పెట్టి ఏ కంపెనీ, ఏ పని, జీతం ఎంత, సైటు ఎక్కడ అన్నవి చూడండి. కంపెనీ పేరే లేకుండా "అర్జెంట్, ఈరోజే ఆఖరు" అని ఉంటే వదిలేయండి. పెద్ద కంపెనీ పేరున్నా తొందరపడొద్దు. పేరు ఎవరైనా వాడుకోవచ్చు. ప్రకటనలోని నంబరుకు కాదు, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి.

ఇక పైసలు. యూఏఈ 2021లో తెచ్చిన కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చు యజమానిదే, పనివాడి దగ్గర వసూలు చేయకూడదు. కాబట్టి రిజిస్ట్రేషన్, ఫైల్ ఓపెనింగ్, మెడికల్ అంటూ ఏ పేరుతో దిర్హాములు అడిగినా లేచి వచ్చేయండి. "యాభయ్యే కదా" అనిపిస్తుంది. రోజూ అలా అనుకునేవాళ్లు చాలామంది వస్తారు కాబట్టే వాళ్ల ఆఫీసు నడుస్తుంది.

ఇంటర్వ్యూకి పగటిపూటే, ఆఫీసుకే పోండి. ఫ్లాటుకో హోటల్ రూముకో రమ్మంటే, కారు పంపుతామంటే వద్దనండి. ఆడవాళ్లయితే ఇది మరీ ముఖ్యం. పోయేముందు రూములో ఒకరికి లొకేషన్ పంపండి. పాస్‌పోర్టు జిరాక్స్ చాలు, ఒరిజినల్ వాళ్ల దగ్గర వదలొద్దు. ఉద్యోగం ఇచ్చిన యజమాని కూడా దాన్ని దగ్గర ఉంచుకోకూడదు. ఖాళీ కాగితం మీద సంతకం, ఓటీపీ, బ్యాంకు కార్డు అసలే ఇవ్వొద్దు. "మా డబ్బు నీ అకౌంట్లో వేస్తాం, కమిషన్ తీసుకో" అన్నారంటే, రేపు కేసు అకౌంటు ఎవరిదో వాళ్ల మీదే.

విజిట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఎక్కువగా వినిపించే మాట: "ముందు డ్యూటీలో చేరు, వీసా తర్వాత మారుస్తాం." చేరొద్దు. వర్క్ పర్మిట్ లేని పని చట్టవిరుద్ధం, జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేరు. ఖల్లివెల్లి అయినవాళ్లలో, అంటే సరైన కాగితాలు లేకుండా ఇక్కడ ఉండిపోయినవాళ్లలో, కొందరి కథ ఇక్కడే మొదలైంది. యూఏఈ కార్మిక శాఖ ఆఫర్ లెటర్ మీది నంబరును ఆ శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.

థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, భారీ జీతం అని వస్తే అటు చూడనే వద్దు. అలా పోయినవాళ్లను మయన్మార్‌లోని మ్యావడీకి తరలించి సైబర్ మోసాలు చేయించారు.

ఇంకా ఊళ్లోనే ఉన్న తమ్ముళ్లకు చెప్పండి: ఏజెంటు లైసెన్సును కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడాలి. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. రసీదు తీసుకోవాలి. విదేశీ ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, ముందు అక్కడ అడగడం మేలు.

మోసపోతే భారత కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342కి ఫోన్ చేయండి. సిగ్గుపడి, కోపంతో చాట్ డిలీట్ చేస్తుంటారు. ప్రకటన, వాయిస్ మెసేజీలు, డబ్బు పంపిన రసీదు అన్నీ అలాగే ఉంచండి. ఫిర్యాదుకు అవే ఆధారాలు.