ట్రైలర్‌కు ఏసీ కొనేముందు వాట్లు చూడండి

కారు వెనక తగిలించుకుని వెళ్లి అందులోనే పడుకునే ట్రైలర్‌కు పైకప్పు మీద పెట్టే ఏసీ గురించి ఎవరు సలహా అడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే: కరెంటు ఎక్కడి నుంచి తీసుకుంటారు? చాలామంది 13,500 బీటీయూనా, 15,000 బీటీయూనా అన్న దగ్గరే కొట్టుమిట్టాడుతుంటారు. అది ఏసీ గంటకు ఎంత వేడి లాగేస్తుందో చెప్పే చల్లదనం లెక్క. బ్యాటరీకీ జనరేటర్‌కీ కావాల్సింది వాట్ల లెక్క.

బీటీయూని వాట్లతో భాగించి చూడండి. 13,500 బీటీయూ ఏసీ 1,500 వాట్లు లాగితే 9 వస్తుంది. 1,250 వాట్లతోనే సరిపెట్టుకుంటే 10.8. ఈ అంకె ఎంత పెద్దదైతే కరెంటు అంత ఆదా.

అమెరికా ట్రైలర్లలో ఎక్కువగా కనిపించే 30 ఆంపుల, 120 వోల్టుల కనెక్షన్ మొత్తం 3,600 వాట్లే ఇస్తుంది. ఏసీ నడుస్తుండగా వాటర్ హీటర్, మైక్రోవేవ్ రెండూ వేస్తే బ్రేకర్ పడిపోతుంది.

జనరేటర్ మీద నడిపేవాళ్లకు అసలు టెన్షన్ స్టార్టింగ్ దగ్గర. మామూలు కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు గుంజుతుంది, చిన్న జనరేటర్ అక్కడే చేతులెత్తేస్తుంది. సాఫ్ట్ స్టార్టర్ అనే చిన్న పరికరం తగిలిస్తే ఆ దెబ్బను తగ్గిస్తుంది కానీ, ఆ తర్వాత నడిచే ఖర్చును తగ్గించదు. అది తగ్గాలంటే ఇన్వర్టర్ ఏసీయే. ఎండ తగ్గాక నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి రాత్రిపూట మోత కూడా తక్కువ. బ్యాటరీ మీద పడుకోవాలనుకుంటే నేను ఇంకోదాని వైపు చూడను. 12 వోల్టుల (నిజానికి 12.8), 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1,280 వాట్ అవర్లు. 1,500 వాట్ల ఏసీని అది గంట కూడా మోయలేదు. ఇన్వర్టర్ ఏసీ నెమ్మదించి 500 వాట్లకు దిగితే రెండు గంటలు దాటుతుంది.

అవసరానికి మించి పెద్దది కొనకండి. త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం అలాగే ఉండి జిడ్డుగా అనిపిస్తుంది.

ఇప్పుడున్న ఏసీ సరిగా చల్లబరచకపోతే, దాన్ని మార్చేముందు ఒక పని చేయండి. పవర్ ఆపేసి, లోపలి గ్రిల్ విప్పి, టార్చి వేసి చూడండి. చల్లగాలి పోయే దారికీ, గది గాలి తిరిగి వచ్చే దారికీ మధ్య ఒక అడ్డు పలక ఉంటుంది. దాని అంచుల్లో వేలు పట్టేంత సందు చాలాసార్లు కనిపిస్తుంది. చల్లగాలి మంచం దాకా రాకుండా అక్కడి నుంచే మళ్లీ ఏసీలోకి పోతుంది. అల్యూమినియం ఫాయిల్ టేపుతో ఆ సందులన్నీ మూసేయండి. (బట్ట టేపు వేడికి ఊడిపోతుంది.) డక్టు (చల్లగాలిని ట్రైలరంతా పంచే గొట్టం) మొదలయ్యే చోటు కూడా అలాగే అంటించండి.

అయినా మార్చాల్సిందే అనుకుంటే, ఆర్డర్ పెట్టేముందు ఏసీ కూర్చునే పైకప్పు రంధ్రం కొలవండి. మామూలుగా 14 అంగుళాల చదరం. కప్పు మందం కూడా రాసుకోండి, బోల్టుల పొడవు దాన్నిబట్టే ఉంటుంది. డక్టు ఉన్న ట్రైలరా, లేనిదా అన్నదీ చెప్పాలి, లోపలి కిట్ వేరు.