భాగస్వామ్యపు కాగితం మీద సంతకానికి ముందు

బావగారితోనో స్నేహితుడితోనో కలిసి పలాసలో జీడిపప్పు వ్యాపారం పెడుతున్నారా? ముందు ఈ మాటల అర్థం తేల్చుకోండి.

– మీరిచ్చేది పెట్టుబడా, అప్పా? కాగితంలో రాయించండి. అప్పయితే లాభం రాకపోయినా తిరిగి రావాలి. పెట్టుబడయితే నష్టంలోనూ మీకు వాటా ఉంటుంది.

– వాటాల గురించి ఏ ఒప్పందమూ లేకపోతే, 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం లాభనష్టాలు సమానం. ఒకరు 5 లక్షలు, ఇంకొకరు 50 వేలు పెట్టినా అంతే.

– బాధ్యత. ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. మామూలు భాగస్వామ్యంలో సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడే. మీది పావలా వాటా అయినా, జీడిపిక్కలు అరువిచ్చిన వ్యాపారి మొత్తం బాకీ మిమ్మల్నే అడగొచ్చు. కోర్టుకెళితే మీ సొంత ఆస్తి మీదకి కూడా రావచ్చు. నా మటుకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఇంట్లోవాళ్లకి చెప్పకుండా సంతకం పెట్టకండి.

– టర్నోవర్ అంటే అమ్మకాల మొత్తం, లాభం కాదు.

– నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి రెండు. ఏడాదికి 24 శాతం.

– సంస్థను రిజిస్టర్ చేయించండి. లేకపోతే సరుకు కొన్నవాళ్లు డబ్బు ఎగ్గొట్టినా, ఒప్పందం చూపించి సంస్థ పేరున దావా వేయలేరు.